చుక్కలు లెక్కపెట్టే ముందు

అల్లుడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా చూసిన. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, అయోడిన్, స్ట్రాన్షియం. తొట్టి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, ఒక్క చేపా రాలేదు, పరీక్ష కిట్లకే సగం పైసలు అయిపోయేటట్టున్నయి. సిద్దిపేటలో సముద్రపు చేపలు పెంచుతనంటే మీ అమ్మ నవ్విందట. నేను నవ్వను. నీళ్ల పరీక్షల్లోనే కొలువంతా గడిచిన మనిషిని. నీళ్ల మీద ఇంత ఇష్టం మన ఇంట్లో ఇంకొకరికి పుట్టిందంటే నాకు సంబురమే. అందుకే పైసలు కట్టే ముందు ఈ నాలుగు ముక్కలు చదువు. కోపం తెచ్చుకోకు, మేనమామ మాట కొంచెం కటువుగనే ఉంటది.

ఏ కిట్టయినా కొనే ముందు నిన్ను నువ్వు ఒకటి అడుగు: దీంట్లో అంకె ఎక్కువొస్తే ఏం చేస్త, తక్కువొస్తే ఏం చేస్త? వెంటనే జవాబు రాలేదంటే ఆ కిట్ నీకు ఇప్పట్లో అక్కర్లేదు. స్ట్రాన్షియం తక్కువుందని తేలిందనుకో, ఏం చేస్తవు చెప్పు? ఏం చెయ్యవు. రాత్రి నిద్ర పాడు చేసుకుంటవు, తెల్లారి ఇంకో సీసా మందు కొని తొట్టిలో పోస్తవు. మన టౌన్‌లో డయాగ్నస్టిక్ సెంటర్లు అమ్మే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ లెక్కనే ఉంది నీ జాబితా: కాగితం నిండా అంకెలొస్తయి, వాటిలో ఒకటి రెండింటికే డాక్టర్ మందు రాస్తడు, మిగతావన్నీ మనసులో గుబులుగ మిగుల్తయి.

ఇగ అసలు ముచ్చటకొస్త. మన ఊరికి సముద్రం రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైన దూరం. బాపట్లకో బందరుకో పోయి డబ్బాల్లో నీళ్లు తెచ్చుకునే పని కాదు. సంచిలో వచ్చే సముద్రపు ఉప్పును మన నీళ్లలో కలుపుకోవాలె. సముద్రపు నీళ్లు కిలో తీసుకుంటే అందులో ఉప్పులన్నీ కలిపి 35 గ్రాములే. అంటే నీ తొట్టిలో కిలోకు 35 గ్రాములు సంచిలోది, మిగతా 965 గ్రాములు సిద్దిపేటది. నువ్వు రాసిన పది కిట్లలో ఆ 965 గ్రాముల సంగతి చూసేది ఒక్కటీ లేదు.

ఈ నీళ్ల చరిత్ర నీకు కొంచెం తెల్వాలె. లోయర్ మానేరు నుంచి పైపులేసి సిద్దిపేటకు, చుట్టుపక్కల ఊళ్లకు నీళ్లు తెచ్చిన పథకం ఉండె. దాన్నే నమూనాగ తీసుకుని మిషన్ భగీరథ కట్టిన్రు. 2016 ఆగస్టు 7న అది మొదలైంది కూడా ఇప్పటి మన జిల్లాలోనే, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో. ఈ పైపులేవీ రాకముందు చాలామందికి బోరే దిక్కు. ఇప్పుడు చాలా ఇండ్లలో రెండూ ఉన్నయి: తాగడానికి నల్లా, వాడుకకు బోరు. ఈ రెండూ చేపల తొట్టికి ఒక్కతీరు కావు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటది. ఇంటి దాకా వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన దేశపు తాగునీటి ప్రమాణమే చెప్తది. మనకది రక్షణ, చేప మొప్పలకు మంట. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గని సున్నం ఎక్కువ, ఎరువులు చల్లే పొలాల నడుమ బోరైతే నైట్రేట్ కూడా ఉండొచ్చు. తాగునీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని అదే ప్రమాణం, ఐఎస్ 10500, ఒప్పుకుంటది. నీ తొట్టిలో అది 20 దాటొద్దని నువ్వు చూస్తవు. చూసినవా మరి? మనిషి తాగడానికి పాసైన నీళ్లు చేప తొట్టిలోకి పోసే నాడే ఫెయిలవ్వొచ్చు. అట్లాంటి నీళ్లు పోసుకుని, నెలయినంక నైట్రేట్ ఎక్కువుందని చేపకు మేత తగ్గిస్తే ఏం లాభం?

ఫ్లోరైడు గురించి భయపడకు. మన తెలంగాణ బోర్లు అనంగనే అందరికీ ముందు యాదికొచ్చేది అదే, నేను కూడా నా కొలువులో దాన్ని కొలిచినంతగా ఇంకోదాన్ని కొలవలేదు. కానీ అసలు సముద్రంలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడు ఉంటది. మనుషుల పండ్లకు, ఎముకలకు చేటు చేసేది ఈ చేపలకు పుట్టింటి నీళ్లలోనే ఉంది.

అందుకని మొట్టమొదట కొనాల్సింది టీడీఎస్ పెన్ను. నీ జాబితాలో లేనే లేదు. నీళ్లలో కరిగి ఉన్న లవణాలు మొత్తం ఎంతో చెప్తది, ఏవేవో చెప్పదు. అయినా మనకు చాలు. నల్లా నీళ్లల్ల ముంచు, బోరు నీళ్లల్ల ముంచు, ఇంట్లో ఆర్‌ఓ మిషన్ నీళ్లల్ల ముంచు, వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లల్ల ముంచు. నాలుగు అంకెలు రాసి పెట్టుకో. మీ ఇంటి ఆర్‌ఓ సున్నాకు దగ్గరగా చూపిస్తదని అనుకుంటున్నవేమో. చూపించకపోవచ్చు. తాగే నీళ్లు మరీ చప్పగ ఉండొద్దని చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న తిప్పుడు మర ఉంటది, అది పచ్చి నీళ్లను కొన్ని మళ్లీ కలుపుతది. మెకానిక్‌ను పిలిచి తొట్టి నీళ్లు పట్టే రోజు దాన్ని మూసేయించు, లేదంటే మెంబ్రేన్ నుంచి వచ్చే నీళ్లను కలవకముందే పట్టుకో. అక్కడ కూడా అంకె పెద్దగనే వస్తుంటే చివర డీఅయోనైజేషన్ రెజిన్ ఉన్న ఫిల్టర్ ఒకటి తగిలించాలె. పెన్ను సున్నా చుట్టుపక్కల చూపిస్తే సిద్దిపేట నీళ్ల లెక్క తీరినట్టే. ఒక్క సంగతి మరిచిపోకు: క్లోరిన్‌ను ఈ పెన్ను పట్టదు. దాన్ని పట్టేది ఆర్‌ఓలోని బొగ్గు ఫిల్టర్, గడువు దాటకముందే మార్పించు.

రెండోది ఉప్పు కొలిచేది. దీనికి మాత్రం పైసలకు వెనకాడొద్దు. దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు ఊగే హైడ్రోమీటర్ చౌకగ దొరుకుతది. దాని ముల్లుకు చిన్న గాలి బుడగ అంటుకున్నా, ఎండిన ఉప్పు పేరుకున్నా అంకె మారిపోతది. రిఫ్రాక్టోమీటర్ తీసుకో. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత పెట్టి, కిటికీ దిక్కు చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనపడ్తది. రొయ్యల చెరువుల గట్ల మీద రైతుల జేబుల్లో ఉండేది ఇదే. 35 పీపీటీ (అంటే కిలోకు 35 గ్రాములు), లేదా సాంద్రత 1.025 నుంచి 1.026 దగ్గర గీత నిలవాలె.

దీంట్లో ఒక మతలబుంది, దుకాణం వాడు చెప్పడు. చౌక రిఫ్రాక్టోమీటర్లు చాలా వరకు మామూలు ఉప్పు ద్రావణం కోసం గీతలు గీసినవి. సముద్రపు నీళ్లలో మామూలు ఉప్పు ఒక్కటే లేదు, మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్ అన్నీ ఉన్నయి, వెలుగును అవి కొంచెం వేరే తీరుగ వంచుతయి. అందుకని ఆర్‌ఓ నీళ్లతో సున్నా సరిచూసుకుంటే పని అయిపోలేదు, 35 దగ్గర కూడా సరిచూడాలె. అందుకు అమ్మే కాలిబ్రేషన్ ద్రావణం దొరికితే మంచిదే. దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు: 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లు. ఈ ద్రావణం వెలుగును సరిగ్గ 35 పీపీటీ సముద్రపు నీళ్లు వంచినంతే వంచుతది. వంటింటి చెంచాతో కొలిస్తే కుదరదు, ఎవరన్న కంసాలి దగ్గర తూకం వేయించుకో. ఆయన ఉప్పేందిరా అని నవ్వుతడు, నవ్వనీ. ఆ నీళ్ల బొట్టు వేసి, మర తిప్పి గీతను 35 మీద నిలబెట్టు. బుడ్డికి మూత గట్టిగ పెట్టి దాచుకో, నెలకోసారి చూస్కో.

ఇంత ఎందుకు చెప్తున్న అంటే మన ఎండలకు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద తెరిచి ఉన్న తొట్టిలో నీళ్లు చూస్తుండంగనే దిగుతయి. దిగేది నీళ్లే, ఉప్పు దిగదు. వంద లీటర్ల తొట్టిలో పది లీటర్లు ఆవిరైతే 35 కాస్తా దాదాపు 39 అయితది. చాలా సముద్రపు చేపలు జన్మలో చూడని ఉప్పది. అప్పుడు పోయాల్సింది ఉప్పునీళ్లు కాదు, వట్టి ఆర్‌ఓ నీళ్లు. కొత్తగ పెట్టినోళ్లు చాలామంది ఇక్కడనే తడబడ్తరు: నీళ్లు తగ్గినయని ఉప్పు కలిపిన నీళ్లే పోస్తరు, వారానికోసారి ఉప్పు పెంచుకుంటూ పోతరు, చేప పక్కకు ఒరిగితే జబ్బనుకుని మందు పోస్తరు. తొట్టి అద్దం మీద నీళ్ల మట్టానికి ఒక గీత పెట్టు, పొద్దుగాల లేవంగనే ఆ గీత దాకా పొయ్యి.

మూడోది అమ్మోనియా. చుక్కల కిట్లలో అన్నింటికన్న ముందు కొనాల్సింది ఇదే, దీన్ని మాత్రం కండ్లు మూసుకుని కొనొద్దు. అమ్మోనియా కిట్లు రెండు తీర్లుంటయి. పాత పద్ధతి నెస్లర్‌ది, 1856లో ఒక జర్మన్ రసాయనవేత్త కనిపెట్టింది, అమ్మోనియా ఉంటే పసుపు, ఇంకా ఎక్కువైతే నారింజ రంగొస్తది. దాంట్లో పాదరసం ఉంటది. పైగా ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి మడ్డిగట్టి గొట్టం మబ్బుగ అయిపోతది, ఏ రంగో తెల్వదు. పారబోస్తే పాదరసం మోరీలోకి. నీకది వద్దు. రెండోది శాలిసిలేట్ పద్ధతి, సున్నా అయితే పసుపు, పెరిగే కొద్దీ ఆకుపచ్చ. పెట్టె మీద శాలిసిలేట్ అని రాసి ఉందా, ఉప్పునీటికి పనికొస్తదని రాసి ఉందా, రెండూ చూస్కో. రంగుల కార్డు ఉప్పునీటికి, మంచినీటికి వేరువేరుగ ఇస్తే ఉప్పునీటిదాంతోనే పోల్చు.

ఉప్పునీళ్లలో అమ్మోనియాకు అంత భయమెందుకు అంటవా? నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటది. ఒకటి అమ్మోనియం, అది చేపను పెద్దగ ఏమనదు. ఇంకోటి విడి అమ్మోనియా, మొప్పలను కాల్చేది. రెండింటి నడుమ పాళ్లు పీహెచ్ తేలుస్తది. 25 డిగ్రీల దగ్గర, మంచినీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విడి అమ్మోనియా నూటికి అర పాలుకు కొంచెం ఎక్కువ. ఉప్పునీళ్లలో పీహెచ్ 8.2 ఉంటే ఆరు పాళ్ల దాకా. కిట్ రెండు చోట్లా అదే అంకె చూపిస్తది, విషం మాత్రం పదింతలు. మీ దోస్తు గోల్డ్‌ఫిష్ తొట్టిలో 0.5 వచ్చినా ఏం కాలేదని నీకు ధైర్యం చెప్తే వినకు. గోల్డ్‌ఫిష్ లెక్కలు ఈ తొట్టికి పనికిరావు.

పసుపా, లేత పచ్చనా అని నీకు ప్రతిసారీ అనుమానం వస్తది. వచ్చినప్పుడల్లా ఇంకో గొట్టంలో వట్టి ఆర్‌ఓ నీళ్లు తీసుకుని అవే చుక్కలు వేసి పక్కన పెట్టు. అది కూడా అంతే పచ్చగ కనపడితే తప్పు నీళ్లది కాదు, వెలుతురుదో, సీసాదో.

నైట్రైట్‌ను పట్టుకుని ఎక్కువ హైరానా పడకు. మంచినీళ్ల చేపలకు అది పెద్ద విషం, రక్తంలోకి పోయి ఊపిరాడనియ్యదు. సముద్రపు నీళ్లలో క్లోరైడ్ విపరీతంగ ఉంటది, మొప్పల దగ్గర అదే ముందు దూరుతది, నైట్రైట్‌ను లోపలికి రానియ్యదు. తొట్టి మొదటి నెలన్నరలో సూక్ష్మజీవులు కుదురుకునే పని ఎంత దూరం వచ్చిందో తెల్సుకోడానికి మాత్రం ఈ పరీక్ష అక్కరకొస్తది. దాంట్లో వచ్చే గులాబీ రంగు వెనుక తమాషా ఉంది. ఆ రసాయన చర్యను 1879లో నైట్రైట్ కోసం వాడిన పీటర్ గ్రీస్ ఇంగ్లండ్‌లో ఒక బీరు కంపెనీలో కెమిస్టు. నూట నలభై ఏండ్లకు పైనైంది, గ్రామాల్లో తాగునీళ్లు చూసేటోళ్లకూ, చేపలు పెంచేటోళ్లకూ ఇంకా అదే గులాబీ రంగు దిక్కు.

నైట్రేట్ కిట్ కూడా లోపల చేసేది అదే పని: ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గ మార్చి, తర్వాత రంగు తెప్పిస్తది. దీంట్లోంచి రెండు చిక్కులొస్తయి. తొట్టి ఇంకా కుదురుకోక నైట్రైట్ ఎక్కువున్న రోజుల్లో నైట్రేట్ పరీక్ష ఉన్నదానికన్న ఎక్కువ చూపిస్తది, దాన్ని నమ్మకు. ఇంకోటి, ఆ మార్పు తెచ్చే పొడి సీసా అడుగున పేరుకుని ఉంటది. సీసాను అర నిమిషం గట్టిగ కొట్టి ఊపాలె, తర్వాత గొట్టాన్ని నిమిషం పాటు ఊపాలె. ఊపకుంటే నైట్రేట్ నిండా ఉన్నా సున్నా అని పసుపు రంగు చూపిస్తది. సున్నా వచ్చిందని సంబురపడే ముందు చెయ్యి నొప్పెట్టిందా అని చూస్కో.

రెండు కంపెనీల నైట్రేట్ కిట్లు వేరువేరు అంకెలు చెప్తే, ఒకటి దొంగదని తిట్టకు. ఒకటి నైట్రేట్ మొత్తాన్ని చెప్తుండొచ్చు, ఇంకోటి అందులోని నైట్రోజన్‌ను మాత్రమే చెప్తుండొచ్చు. నైట్రోజన్ అంకెను 4.4తో గుణిస్తే నైట్రేట్ అంకె. ఒకదాంట్లో 5, ఇంకోదాంట్లో 22 వస్తే రెండూ నిజమే చెప్తున్నయన్నట్టు.

ఇగ పీహెచ్. మన తెలుగువాళ్లలో ఉప్పునీళ్ల పరీక్షను రోజూ చేసే పనిగ పెట్టుకున్నది భీమవరం, నెల్లూరు దిక్కు రొయ్యల రైతులు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య చెరువులను ఊడ్చిపెట్టినంక, 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చినంక, నీళ్ల పరీక్ష లేని సాగు అక్కడ లేదు. సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని పొద్దుగాలే అక్వా ల్యాబ్ మెట్లెక్కుతరు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఏందంటే, పీహెచ్‌ను ఒక్కపూట చూసి ఊరుకోరు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం దాటినంక ఒకసారి చూస్తరు. రాత్రంతా చెరువులో జీవాలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను దించుతది, పగలు పాచి దాన్ని తినేసి పీహెచ్‌ను లేపుతది. ఆ రెండు అంకెల నడుమ తేడా ఎక్కువుంటే నీళ్లకు ఆ ఎగుడుదిగుళ్లను ఆపుకునే శక్తి తగ్గిందని అర్థం. ఆ శక్తికి పేరే ఆల్కలినిటీ.

నీ తొట్టిలో కూడా అంతే. తలుపులేసి ఏసీ పెట్టుకుని ఇంటిల్లిపాది పడుకున్న గదిలో తొట్టి ఉంటే, మనం వదిలే గాలికే తెల్లారేసరికి పీహెచ్ దిగుతది. అది చూసి పీహెచ్ పెంచే మందు పోస్తే తప్పు. కిటికీ తీస్తే సరిపోయేదానికి మందెందుకు? అందుకే పీహెచ్ కన్న ఆల్కలినిటీ కిట్‌కు నేను ఎక్కువ విలువిస్త. అది తగ్గితే ఏం చెయ్యాల్నో ఖాయంగ తెలుసు: కొంత నీళ్లు మార్చాలె, లేదంటే సోడియం బైకార్బొనేట్ కొలత ప్రకారం కొద్దికొద్దిగ కలపాలె. కిట్లు దీన్ని డీకేహెచ్ అనే లెక్కలో చెప్తయి. 8 నుంచి 11 నడుమ ఉంచుకో. తాగునీటి ల్యాబ్ రిపోర్టుల్లో ఇదే ఆల్కలినిటీ కాల్షియం కార్బొనేట్ మిల్లీగ్రాముల్లో ఉంటది, ఒక డీకేహెచ్ అంటే 17.9 మిల్లీగ్రాములు. ఈ పరీక్షలో రంగు కార్డుతో పోల్చే పని లేదు. చుక్కచుక్కగ వేస్తూ పోతే ఒక చుక్క దగ్గర రంగు పూర్తిగ తిరుగుతది, ఎన్ని పడ్డయో లెక్కపెట్టుకోవుడే. నా లెక్కన కొత్తవాళ్లకు అన్నింటికన్న నమ్మకమైన కిట్ ఇదే.

కాల్షియం, మెగ్నీషియం, స్ట్రాన్షియం, అయోడిన్‌ను జాబితాలోంచి కొట్టెయ్. అవి రాతి పగడాలు పెంచేటోళ్లకు. అస్థిపంజరం కట్టుకునే పగడం నీళ్లలోంచి వాటిని లాక్కుంటది కాబట్టి వాళ్లు కొలవాలె. వట్టి చేపల తొట్టిలో నీళ్లు అప్పుడప్పుడు మారుస్తుంటే కొత్త ఉప్పులోంచే అవి వచ్చేస్తయి. ఇంకో మాట, ఇది పైసల సంగతి కాదు. మన దేశపు సముద్రాల్లోని రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నయి. పెద్దపులికి ఉన్న రక్షణే వాటికీ. ఎవరన్న "లైవ్ రాక్, కోరల్ ముక్క, చౌకగ ఇస్త" అంటే చెయ్యి పెట్టకు. పొడి రాళ్లతో మొదలుపెట్టు. చేపల్లో కూడా హేచరీలో పుట్టినవే అడుగు. క్లౌన్‌ఫిష్‌ను పిల్లలు పెట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలే సాధించిన్రు, తొట్టిలో పుట్టిన చేప తొట్టికి తొందరగ అలవాటుపడ్తది.

ఫాస్ఫేట్ ఇప్పుడొద్దు. అద్దాల మీద పాచి పట్టి, మేత తగ్గించినా తగ్గకపోతే అప్పుడు చూద్దాం. అప్పుడు కూడా రంగు కార్డు కిట్ కొనకు, ఫాస్ఫేట్ అంకెలు మరీ చిన్నవి, కంటితో తేల్చలేం. హన్నా కంపెనీ వాళ్లది, చేతిలో పట్టే డిజిటల్ చెకర్ తీసుకోవాలె. ఆకుపచ్చ, గులాబీ రంగులు వేరుచేసి చూడడంలో నీకు ఇబ్బందుంటే ఇప్పటినుంచే అట్లాంటిది నయం, మగపిల్లల్లో కొందరికి ఆ ఇబ్బంది ఉండి కూడా తెల్వదు.

నీళ్లలో ముంచి చూసే పరీక్ష పట్టీల జోలికి పోకు. డబ్బా మూత తీసిన ప్రతిసారీ గాలిలోని తేమ వాటికి తగుల్తది, వానకాలంలో అవి తొందరగ పాడైతయి. పైగా చాలా పట్టీల్లో అసలు కావాల్సిన అమ్మోనియా గడి ఉండనే ఉండదు.

నీళ్లు, ఉప్పు సంగతి తేలినంక చుక్కల కిట్లు రెండు పెట్టెల్లో సరిపోతయి. ఏపీఐ సాల్ట్‌వాటర్ మాస్టర్ కిట్ అని దొరుకుతది, అందులో ఎక్కువ స్థాయి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ నాలుగూ ఉంటయి. అదే కంపెనీది రీఫ్ మాస్టర్ కిట్ అని ఇంకోటుంది, పేరు పెద్దగుందని అది కొనకు, అందులో అమ్మోనియా లేదు. మంచినీటి మాస్టర్ కిట్ కూడా చూడ్డానికి దగ్గర దగ్గరగనే ఉంటది, పెట్టె మీద సాల్ట్‌వాటర్ అన్న మాట చదివి తీసుకో. దానికి తోడు సాలిఫెర్ట్‌దో, ఇంకో కంపెనీదో ఆల్కలినిటీ కిట్. కొనేటప్పుడు గడువు తేదీ ఫొటో అడుగు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎండలు ముదరకముందే తెప్పించు, మే నెలలో కొరియర్ వ్యాను లోపల ఆ సీసాలు ఎంత ఉడుకుతయో ఎవరికి తెలుసు. హైదరాబాద్ పోయే పని ఉంటే చేతితో చూసి తెచ్చుకునుడే మంచిది, రాజీవ్ రహదారి మీద ఎంత సేపు? వచ్చినంక సీసా మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాయి. పిల్లలకు అందని చోట, వంటింటికి దూరంగ పెట్టు. కొన్ని సీసాల్లో ఆసిడ్ ఉంటది.

చేసే తీరు కూడా చెప్త, విను. గొట్టాన్ని ముందు ఆర్‌ఓ నీళ్లతో, తర్వాత తొట్టి నీళ్లతోనే కడుగు, నల్లా కింద కడగకు. గీత దాకా నీళ్లు పోసి కంటి ఎత్తున పట్టుకుని చూడు. నీళ్ల పైభాగం అంచుల దగ్గర పైకి పాకి, నడుమ లోతుగ ఉంటది, ఆ లోతే గీతను తాకాలె. చుక్కల సీసాను నిట్టనిలువుగ తలకిందులు చెయ్యి. ఒరగబెడితే చుక్క సైజు మారుతది, గాలి దూరితే చిన్నదైతది, ఎనిమిది చుక్కలనేది ఏడో, తొమ్మిదో అయిపోతది. చెప్పిన నిమిషాలు ఫోన్‌లో అలారం పెట్టుకుని ఆగు, అయిదు నిమిషాలన్న చోట ఇరవై నిమిషాలకు చూస్తే రంగు ముదిరి ఉంటది. రంగును తొట్టి మీది నీలం లైటు కింద చూడకు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, గొట్టం వెనుక తెల్ల కాగితం ఆనించి చూడు. కోడలు పిల్లను కూడా పిలిచి, నువ్వు ఏ అంకె అనుకున్నవో చెప్పకుండ ఆమెను అడుగు. ఇద్దరి అంకెలూ ఒకటైతే రాయి. పరీక్ష అయిపోయిన నీళ్లు తొట్టిలో పొయ్యకు, ఎక్కువ నీళ్లతో మోరీలో కలిపెయ్.

రాయి అంటే ఫోన్‌లో కాదు, ఒక నోటుబుక్కులో. తేదీ, టైము, ఏ అంకె, ఆ వారం ఏం చేసినవు. నైట్రేట్ ఒక్కరోజు 10 వచ్చినా 20 వచ్చినా నాకు బాధ లేదు. వారం వారం పెరుగుతుందా, నిలకడగుందా అన్నదే నేనడుగుత. దుకాణంవాళ్లు ఉత్తగనే పరీక్ష చేసి పెడ్తమంటే చేయించుకో, కానీ "నీళ్లు మంచిగనే ఉన్నయి" అంటే ఊరుకోకు, అంకె అడిగి తీసుకో.

చేపలు తెచ్చే ముందు తొట్టిని పండించాలె. అమ్మోనియాను నైట్రైట్‌గ, దాన్ని నైట్రేట్‌గ మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద స్థిరపడాలె, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. ఒక చేపను పడేసి దాని పుణ్యాన పండిద్దామనుకోకు, పాపం దానికి. ల్యాబ్ గ్రేడు అమ్మోనియం క్లోరైడ్ తెప్పించు. కళాయి వేసేటోళ్ల దగ్గర దొరికే నవాసారం కూడా అదే సరుకు గని, అందులో ఇంకేం కలిసి ఉందో తెల్వదు, వద్దు. వంద లీటర్లకు 0.63 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 చూపిస్తది. మొదట్లో రోజు విడిచి రోజు చూడు. అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ లేస్తది, అది దిగుతుంటే నైట్రేట్ లేస్తది. నువ్వు 2 వేసిన మరునాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే, ఇంకోసారి వేసి చూడు. రెండోసారి కూడా సున్నా అయితే చాలా వరకు నీళ్లు మార్చి, ఉప్పు 35కు తెచ్చుకో.

అప్పుడు చేపలకు బయల్దేరు, రిఫ్రాక్టోమీటర్ జేబులో పెట్టుకో. దుకాణాల్లో పురుగు పట్టకుండ, ఉప్పు ఖర్చు తగ్గేటట్టు నీళ్లలో ఉప్పు తక్కువ పెట్టే అలవాటు కొందరికి ఉంది. నీకు నచ్చిన చేప ఉన్న తొట్టిలోంచి ఒక్క బొట్టు అడుగు, వాళ్ల ముందే చూడు. 35కు దగ్గరుంటే ఇంటికి తెచ్చి మామూలుగ వదలొచ్చు. 25, 26 ఉంటే తెచ్చినంక వేరే బక్కెట్లో అదే ఉప్పు చేసి పెట్టి, దినానికి ఒకటి రెండు పాయింట్ల చొప్పున పెంచుకుంటూ పోవాలె. ఆ బక్కెట్లో సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి అమ్మోనియా కిట్ రోజూ వాడాల్సింది ఆ దినాల్లోనే. రెండు చేపలకు మించి ఒక్కసారి తేకు. మూడోది ఎప్పుడు తేవాల్నో నోటుబుక్కు చూసి నాకు ఫోన్ చెయ్యి, ఆ పక్క పేజీలోని అంకెలు చదివి వినిపిస్తే చెప్త.

మీ మామ